మేత ముట్టని కుందేలు: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

విజయవాడ నుంచి ఒక అమ్మగారు అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ల కూతురి పుట్టినరోజుకు మూడు వారాల క్రితం రెండు తెల్ల కుందేలు పిల్లలను కొన్నారు. వాటిని బాల్కనీలో ఇనుప తీగల పంజరంలో ఉంచి క్యారెట్, క్యాబేజీ, చపాతీ ముక్కలు, అప్పుడప్పుడు బిస్కెట్లు పెడుతున్నారు. నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయని అమ్మినవారు చెప్పడంతో నీళ్లు పెట్టడం లేదు. నిన్న సాయంత్రం నుంచి వాటిలో ఒకటి మేత ముట్టకుండా మూలన ముడుచుకుని కూర్చుంది. రెండోది తన పెంటికలను తానే తింటోంది. ఇది జబ్బా, స్నానం చేయిస్తే తగ్గుతుందా, రెండూ ఆడవేనన్న మాటను నమ్మవచ్చా అని కూడా ఆమె అడిగారు.

అమ్మా, మిగిలిన సంగతులన్నీ తర్వాత చదువుకోవచ్చు. ముందు ఆ మూలన కూర్చున్న పిల్లను ఈ పూటే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కుక్క ఒక రోజు అన్నం మానేస్తే మరునాటి దాకా వేచి చూడవచ్చు గాని, కుందేలు విషయంలో ఆ వ్యవధి ఉండదు. 12 గంటలపాటు మేత తినకపోయినా, పెంటికలు వేయకపోయినా దాని పేగుల కదలిక ఆగిపోతోందని అర్థం చేసుకోవాలి. పేగులు ఆగితే లోపలి మేత పులిసి గాలి నిండుతుంది, ఆ నొప్పికి అది మరింతగా మేత మానేస్తుంది, అలా ఒకదానికొకటి తోడై ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పైగా కుందేలు వాంతి చేసుకోలేని జంతువు, కాబట్టి లోపలికి పోయినది ముందుకు కదలడం తప్ప దానికి మరో దారి లేదు.

బయలుదేరే ముందు దాని చెవులు పట్టి చూడండి. చల్లగా ఉంటే మెత్తటి తువ్వాలులో చుట్టి వెచ్చగా ఉంచండి. కాలుతున్నట్లు వేడిగా ఉండి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది వడదెబ్బ కావచ్చు, దాని గురించి కింద వివరంగా చెబుతాను. కొత్తిమీర కట్టో, తాజా గరికో ముక్కు దగ్గర పెట్టి చూడండి, తినకపోతే బలవంతం చేయకండి. పొట్ట డప్పులా బిగిసి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు. గ్రైప్ వాటర్, ఆముదం, పిల్లలకు వాడే మందులు ఏవీ వద్దు. గాలి ఆడేలా రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, వీలైతే రెండోదాన్ని కూడా తోడుగా పెట్టి తీసుకెళ్లండి. ఒంటరిగా కొత్తచోటికి వెళ్లడం కుందేలును బాగా బెదరగొడుతుంది. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే. ఊళ్లో అందరూ కుక్కలు, పశువులు చూసే వైద్యులే ఉన్నప్పుడు, కళాశాలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రికి వెళ్లడం మేలని నా అభిప్రాయం.

మందుల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. గుంటూరులో నేను 15 ఏళ్లుగా కుందేళ్లను పెంచుతున్నాను. మొదటి సంవత్సరం నా కుందేలు తుమ్ముతోందని, ఇంట్లో మా అబ్బాయికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్‌ను నాలుగు చుక్కల చొప్పున పోశాను. మూడో రోజుకు నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి, నాలుగో రోజు ఉదయానికి అది లేదు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి, విషం పుట్టించే సూక్ష్మజీవులు పెరుగుతాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. కుక్కల పేలకు, గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా కుందేలుకు ప్రమాదకరమే. అందుకే వైద్యుడి ముందు మొహమాటపడకుండా, ఈ మందు కుందేలుకు పడుతుందా అని అడగండి.

ఇక ప్రతి ప్రశ్నకూ మూలం కుందేలు కడుపు పని చేసే తీరులోనే ఉంది కాబట్టి దాన్ని కొంచెం విడమరచి చెబుతాను. కుందేలు గడ్డి తిని బతికే జంతువు, కాని ఆవులా నెమరు వేయదు. అది తిన్న గడ్డి పేగుల్లోకి చేరాక, జీర్ణం కాని ముతక పీచు ఒకవైపు వేరుపడి గుండ్రటి గట్టి పెంటికలుగా బయటికి పోతుంది; మెత్తటి భాగం వెనక్కి మళ్లి అంధనాళం అనే పెద్ద సంచిలోకి వెళ్లి అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. ఆ పులిసిన పదార్థం చిన్న ద్రాక్షగుత్తిలా, మెరుస్తూ, మెత్తగా, కొంచెం ఘాటైన వాసనతో బయటికి వస్తుంటే కుందేలు దాన్ని కింద పడనివ్వకుండా నేరుగా నోటితో అందుకుని మింగుతుంది. అందులో దానికి అవసరమైన బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. మీ రెండో కుందేలు చేస్తున్నది ఇదే. అది జబ్బు కాదు, దాన్ని ఆపకూడదు కూడా. ఆ మెత్తటి గుత్తులు తినకుండా నేల మీద, తోక కింద అంటుకుని కనిపించినప్పుడే అనుమానించాలి. చాలాసార్లు పిండి పదార్థాలు, తీపి ఎక్కువగా పెట్టడమే దానికి కారణమవుతుంది.

ఈ యంత్రాంగం మొత్తాన్నీ కదిలించేది ముతక పీచు. చపాతీ, బిస్కెట్, అన్నం, బ్రెడ్ వంటివి అంధనాళంలో ఉండకూడని రీతిలో పులిసి, గాలి పుట్టించి, పేగులను మందగింపజేస్తాయి. కాబట్టి వాటిని ఈ రోజే ఆపేయండి. క్యారెట్ కుందేలుకు ప్రధాన ఆహారమని బొమ్మల వల్ల అందరూ నమ్ముతారు గాని, అది తీపి దుంప. వారానికి రెండుసార్లు బొటనవేలంత ముక్క చాలు. క్యారెట్ మీద ఉండే ఆకులు మాత్రం దానికి చాలా మంచివి, కూరగాయల బండివాళ్లు కోసి పారేసేవాటిని అడిగితే ఊరికే ఇస్తారు.

మరి పెట్టవలసింది ఏమిటంటే గడ్డి, రోజంతా, ఎంత తింటే అంత. దాని ఒళ్లంత కుప్ప ఎప్పుడూ ఎదురుగా ఉండాలని కొలతగా పెట్టుకోండి. అంగళ్లలో అమ్మే తిమోతి ఎండుగడ్డి మంచిదే గాని ఖరీదు ఎక్కువ, అందరికీ సాధ్యపడదు. మన గరిక ఆ పని చక్కగా చేస్తుంది. వినాయకుడి పూజకు కట్టలు కట్టి అమ్మే ఆ గరికనే నేను పొలం గట్ల మీది నుంచి కోయించి, కడిగి, సగం పచ్చిగా పెడతాను, మిగతాది నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి గోనె సంచిలో దాస్తాను. ఎండిన గడ్డి ఆకుపచ్చ రంగు నిలుపుకుని కమ్మటి వాసన వేయాలి. బూజు వాసన వస్తే మొత్తం పారేయాలి. పురుగుమందు కొట్టిన చేల పక్కన, కుక్కలు తిరిగే రోడ్డు పక్కన కోసినది వద్దు. యంత్రంతో కత్తిరించిన పచ్చిక కుప్పలో వేడెక్కి త్వరగా పులుస్తుంది, అది అసలే వద్దు. పశువులకు వేసే నేపియర్ గడ్డి దొరికితే ఆకులు మేపండి. వరిగడ్డిలో పోషకం తక్కువ, అది పరుపుగా వేయడానికి పనికొస్తుంది. లేత జొన్న చొప్పలో సైనైడ్ విషం ఉంటుంది కాబట్టి దాని జోలికి పోకండి. సుబాబుల్ ఆకు మేకలు తింటాయని కొందరు కుందేళ్లకూ వేస్తారు. అందులోని మిమోసిన్ వల్ల బొచ్చు రాలి, బరువు తగ్గి, కుందేలు కృశించిపోతుంది.

గడ్డికి తోడుగా కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, కొద్దిగా మునగాకు మార్చి మార్చి పెట్టవచ్చు. రెండు కిలోల కుందేలుకు రోజుకు రెండు గుప్పెళ్ల ఆకుకూర సరిపోతుంది. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి వాటిని రోజూ పెట్టకూడదు. క్యాబేజీ కొన్నింటికి గాలి చేస్తుంది, జబ్బుపడిన పిల్లకు అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొక్క, గన్నేరు, ఉమ్మెత్త, లాంటానా విషాలే. గుళికల దాణా పెట్టాలనుకుంటే పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించకూడదు; దాణాతో కడుపు నింపుకున్న కుందేలు గడ్డి తినడం మానేస్తుంది. ఏ కొత్త మేతనైనా ఒక్కసారిగా కాకుండా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయండి. మీరు చపాతీ మానేసి గడ్డి పెట్టడానికి మాత్రం ఆ వారం కూడా ఆగనవసరం లేదు, ఎండుగడ్డి ఈ రోజు నుంచే పెట్టండి. ఆకుకూరలను ఒక్కొక్కటిగా తర్వాత చేర్చండి.

గడ్డి అవసరం కడుపుతో ఆగదు. కుందేలుకు 28 పళ్లుంటాయి, అవన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని దవడలు పక్కలకు ఆడించి నూరడం వల్లే అవి అరుగుతాయి. మెత్తటి తిండితో పెరిగిన కుందేలుకు దవడ పళ్ల అంచులు ముళ్లలా మొలిచి నాలుకను, బుగ్గలను కోస్తాయి. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉన్నా, మేత దగ్గరకు ఆశగా వచ్చి నోట్లో పెట్టుకుని వదిలేసినా పళ్లను చూపించాలి.

నీళ్ల గురించి మీకు చెప్పింది పూర్తిగా తప్పు. ఆ మాట మన ఊళ్లలో ప్రతి కుందేళ్ల అంగడిలోనూ వినిపిస్తుంది. ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండవలసిన పిల్లలను నాలుగు వారాలకే వేరుచేసి అమ్ముతారు. వాటికి విరేచనాలు పట్టుకుంటే ఆ నింద నీళ్ల మీద పడుతుందని నేను అనుకుంటున్నాను. కిలో బరువున్న కుందేలు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నీళ్లు లేకపోతే అంధనాళంలో మేత గట్టిపడి పేగులు ఆగుతాయి. సీసా గొట్టం కంటే బోర్లా పడని బరువైన మట్టి పాత్ర మంచిది, రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చాలి. మూత్రం తెల్లగా చిక్కగా ఉండటం, ఒక్కోసారి తిన్న ఆకులను బట్టి నారింజ, ఎరుపు రంగులో ఉండటం సహజమే. మూత్రం పోయడానికి ముక్కుతూ బాధపడితే మాత్రం వైద్యుడికి చూపించాలి.

ఇప్పుడు ఎండ సంగతి. మీరు వ్రాసినది మే నెలలో, విజయవాడలో, బాల్కనీలో ఉన్న కుందేళ్ల గురించి. నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. పెంపుడు కుందేలు ఐరోపాలో బొరియల్లో బతికే జాతి నుంచి వచ్చింది. దానికి చెమట పట్టదు, ఒంట్లోని వేడి ముఖ్యంగా చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 35 దాటితే ప్రాణానికే ముప్పు. రోహిణి కార్తెలో మన బాల్కనీ గోడలు రాత్రి పది గంటలకు కూడా సెగలు కక్కుతుంటాయి. కాబట్టి వాటిని ఇవాళే ఇంటి లోపలికి, అన్నింటికంటే చల్లగా ఉండే గదిలోకి మార్చండి. పడుకోవడానికి ఒక షాబాద్ బండ వేయండి. నీళ్లు గడ్డకట్టించిన సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెడితే అది తనంతట తానే వచ్చి ఆనుకుని పడుకుంటుంది. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టండి, గాలి ఆడనివ్వండి. మూసిన గదిలో కూలర్ పెడితే ఉక్క పెరిగి ఇంకా కష్టమవుతుంది. చెవుల మీద తడి చేతితో నిమరడం చాలా మేలు చేస్తుంది. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసే జంతువు; అది నోరు తెరిచి రొప్పుతోందంటే ఆఖరి దశకు వచ్చిందని తెలుసుకుని, చెవులను, పాదాలను చల్లటి నీళ్లతో తడుపుతూ వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఐసు నీళ్లలో ముంచడం మాత్రం ఎన్నడూ చేయకండి.

స్నానం అడిగారు కాబట్టి చెబుతున్నాను, కుందేలుకు స్నానం వద్దు. అది తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. నీళ్లలో దించితే భయంతో గుండె ఆగిపోవచ్చు, లేదా వెనక కాళ్లు విదిలించి నడుము విరగ్గొట్టుకోవచ్చు. దాని ఎముకల బరువు ఒంటి బరువులో 8 శాతమే, వెనక కాళ్ల కండరాలు మాత్రం చాలా బలమైనవి. గాలిలో తన్నుకుంటే దాని బలమే దాని వెన్నెముకను విరుస్తుంది. అందుకే చెవులు పట్టి ఎత్తడం ఎంత ప్రమాదమో, వెనక భాగానికి ఆసరా ఇవ్వకుండా ఎత్తడమూ అంతే ప్రమాదం. ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒంటికి హత్తుకుని ఎత్తాలి. తోక కింద మురికి అంటితే తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. వానాకాలంలో ఆ భాగాన్ని రోజూ చూడాలి, ఎందుకంటే మురికి మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి.

తీగల పంజరం నేల కూడా మార్చాలి. కుందేలు పాదాలకు కుక్కకు, పిల్లికి ఉన్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది. తీగల మీద నిలబడి నిలబడి మడమలు పుండ్లవుతాయి. పాత గోనెపట్టా గాని, వరిగడ్డి గాని మందంగా పరిచి, రోజుకు కనీసం నాలుగైదు గంటలు గదిలో తిరగనివ్వండి. ముందుగా కరెంటు తీగలను పైకి కట్టేయండి, అవి దాని పళ్లకు అందితే ఊరుకోదు. ఒక మూల వెడల్పాటి తట్టలో కాగితాలు వేసి, దాని అంచున గడ్డి పెడితే తింటూ అక్కడే పెంటికలు వేయడం నేర్చుకుంటుంది. ముక్కు మీద, చెవి అంచుల్లో, గోళ్ల దగ్గర పొట్టులా తెల్లటి పక్కు కనిపిస్తే అది గజ్జి, మనుషులకూ అంటుతుంది. వైద్యుడు ఇచ్చే సూదిమందుతో నయమవుతుంది.

రెండూ ఆడవేనన్న మాటను నమ్మకండి. చిన్న పిల్లల్లో తేడా తెలుసుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడే అడిగి చూపించుకోండి. ఒకటి మగదైతే మూడు నెలలు నిండేలోపు వేరు చేయాలి. కుందేలు చూలు 30 నుంచి 32 రోజులే, ఈతకు అయిదారు పిల్లలు సాధారణం, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఇలా పెరిగిపోయాక సాకలేక తోటల్లో, కాలేజీ మైదానాల్లో వదిలేసేవారు ఉన్నారు. అవి కుక్కల పాలవడం తప్ప బతకవు. మన చిట్టడవుల్లో తిరిగే చెవులపిల్లి వేరే జాతి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. పెంపుడు కుందేలుకు దానిలా బయట బతికే నేర్పు లేదు. రెండూ మగవైతే పెద్దయ్యాక ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అనుభవమున్న వైద్యుడితో చేయించడమే సరైన మార్గం, ఆడవాటికి వయసు మళ్లాక ఎక్కువగా వచ్చే గర్భసంచి క్యాన్సర్‌ను కూడా అది తప్పిస్తుంది. ఆపరేషన్‌కు ముందు రాత్రి మేత పెట్టవద్దని ఎవరైనా చెబితే, అది కుక్కలకు పాటించే నియమమనీ, కుందేలును పస్తు ఉంచకూడదనీ గుర్తు చేయండి.

చివరగా మీ అమ్మాయి గురించి. సరిగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది, అంటే మీ పాప ఇంటర్ దాటేదాకా అవి మీ ఇంట్లోనే ఉండవచ్చు. కుందేలు వేటాడబడే జంతువు కాబట్టి నొప్పిని దాచుకుంటుంది, అరవదు, ముడుచుకుని కూర్చుంటుంది, పళ్లు గట్టిగా కొరుకుతుంది, అంతే. దాన్ని ఎత్తుకుని ముద్దు చేయడం కంటే గమనించడం పాపకు నేర్పండి. ఒక నోటు పుస్తకంలో రోజూ ఉదయం పెంటికలు ఎన్ని ఉన్నాయో, ఎంత పెద్దవో వ్రాయమనండి. ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో బరువు తూచి వ్రాయమనండి. పెంటికలు చిన్నవై, వంకరై, తగ్గుతూ వస్తే మేత మానడానికి ఒక రోజు ముందే మీకు తెలిసిపోతుంది. సాయంత్రం చల్లబడ్డాక పాప నేల మీద కదలకుండా కూర్చుని, చేతిలో నాలుగు కొత్తిమీర కాడలు పట్టుకుని వేచి ఉండాలి. మొదట వారం రోజులు అది రాకపోవచ్చు. వచ్చి చేతి మీద గడ్డం రుద్దిన రోజున ఆ సంగతి కూడా పుస్తకంలో తేదీతో వ్రాసుకోమనండి. ఇప్పటికి మాత్రం ఆ పుస్తకంలో మొదటి పేజీ మీరే రాయండి, నిన్న సాయంత్రం నుంచి అది తిన్నదేమిటి, వేసినది ఎంత, తాగినది ఎంత అని. వైద్యుడు మొదట అడిగేది అదే.